పది కిలోల డబ్బా

జీడిపప్పు ఢిల్లీ పోయిందో దుబాయి పోయిందో,
డబ్బా నాకు మిగిలింది.
అంచు నొక్కుకుపోయిందని పక్కన పడేస్తే
మేస్త్రీని అడిగే తెచ్చుకున్నాను.
అడిగే తెచ్చుకున్నాను, అయినా
పలాస గేటు దాటేదాకా కొంగు కప్పి ఉంచాను.

మేకుతో అడుగున ఏడు చిల్లులు.
ఎనిమిదోది కొడుతుంటే కింద నుంచి
ఇంటాయన లోకనాథం కేక:
"ఏటమ్మా ఆ సప్పుడు, శ్లాబు పగలగొడతావేటి?"
ఏడు చాల్లే అనుకున్నాను.

మా ఆయనకి ఉప్పు తగ్గించమన్నారు.
తగ్గించమనడమంటే మానేయమనడమే.
మొదటి రోజు పప్పన్నం నోట్లో పెట్టుకుని
గోడకేసి చూస్తూ నమిలాడు.
రెండో రోజు కంచం జరిపేశాడు.
"ఉప్పు నేదు సరే,
కూటికి మరేటీ నేదా?"
కోపం రావాలి నాకు. రాలేదు.
కాశీబుగ్గ బజారులో పది రూపాయలకి పుదీనా కట్ట.
సగం పచ్చడిలోకి,
సగం గాజు గ్లాసులో నీళ్ళలోకి.

అయిదో రోజుకి కాడల చివర
తెల్లగా వేళ్ళు,
చంటిదాని చిగుళ్ళలో పాలపళ్ళలా.

మందస నుంచి మరిది సైకిలు మీద
గోనెడు ఎర్రమట్టి తెచ్చిచ్చాడు.
బలమని అందులో జీడిపొట్టు కలిపింది నేనే,
ఫ్యాక్టరీలో గుట్టలుగా పారేసేదే కదా అని.
మొదటి కొత్తిమీర మొలవనే లేదు.
"వగరు, వొదినా," అంది పక్కింటి తవిటమ్మ,
"నాలిక్కే పట్టదు, ఏరుకి పడతాదేటి?"

రెండోసారి ధనియాలు గచ్చు మీద పోసి
చెప్పుతో రాశాను, రెండుగా విడేదాకా.
రాస్తూ నవ్వొచ్చింది.
అక్కడ పప్పు బద్దయితే కూలిలో కోత,
ఊపిరి బిగబట్టి గుండు గుండుగా తియ్యాలి.
ఇక్కడ బద్ద చెయ్యకపోతే మొలకే లేదు.
కసిగా రాశాను.

ఇప్పుడు మెట్ల మలుపులో అయిదు డబ్బాలు.
పుదీనా రెండు, కొత్తిమీర రెండు,
తవిటమ్మ ఇచ్చిన వాము కొమ్మ ఒకటి.
కుళాయి రోజు విడిచి రోజు.
రాని రోజున బియ్యం కడుగు, చేపల కడుగు.
చేపల కడుగు పోసిన పూట
లోకనాథం గారి పిల్లి పైకొచ్చి
డబ్బా పక్కన ధ్యానం చేస్తుంది.

మరిదికి తిత్లీ ముందు
రెండెకరాల జీడితోట ఉండేది.
మొన్నొచ్చి డబ్బాలకేసి చూసి
"తుపానొస్తే ఏటి సేత్తావొదినా?" అని నవ్వబోయాడు.
"మంచం కిందకి తోసెత్తాను" అన్నాను.
నవ్వు ఆపేసి, టీ చల్లారేదాకా
ఆ డబ్బాలనే చూశాడు.

ఒకటో తారీకు రేషను.
మిషను మీద బొటనవేలు పెట్టాను. పడలేదు.
"తుడిసి పెట్టమ్మా."
"ఎడం సెయ్యి పెట్టు."
జీడిరసం ఇరవయ్యేళ్ళుగా తింటున్న వేళ్ళు,
గీతలెక్కడ మిగిలాయి బాబూ అందామనుకున్నాను.
వెనక క్యూ గొణుగుతోంది.
డీలరు కొడుకు హరిబంధు
నా వేలు పట్టుకుని తనే నొక్కాడు, మళ్ళీ నొక్కాడు,
ఆగి, వాసన చూశాడు.
"పుదీనా కోసొచ్చావా పిన్నీ?"
అవునన్నాను.
ఆరోసారికి పచ్చలైటు వెలిగింది.
బియ్యం ఎత్తుకుని నడుస్తూ
దారంతా వేలు చూసుకుంటూనే ఉన్నాను.

ఆయనకి నీళ్ళు కూడా కొలతే.
సీసాకి గీత గీసి పెట్టాను,
రోజంతటికీ అదే.
ఎండాకాలం మధ్యాహ్నం
ఆ సీసాని అటూ ఇటూ తిప్పుతూ
గీతకేసి చూస్తుంటాడు, తాగడు.

నేను పని నుంచి వచ్చేసరికి
సీసా ఖాళీగా ఉంటుంది.
గట్టు మీది డబ్బాలో
ఒక్క పుదీనా మొదట్లో మాత్రం
గుక్కెడంత మట్టి తడిగా ఉంటుంది.

ఏమీ అడగను.
నాలుగాకులు గిల్లి
ఆయన మజ్జిగలో వేస్తాను.